బరువుకు కూర్చునేవాళ్లు

"ఖాళీగా పోతే ఎత్తి కొడతాంది సార్. లోడు ఏస్తే పల్లకీ మాదిరి పోతాంది."

మొన్న ఒక టిప్పరు డ్రైవరు అన్న మాట ఇది. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు బాగుచేసే ఒక వర్క్‌షాపులో నాది కుదుపు, వణుకు ఫిర్యాదులు చూసే పని. ఫిర్యాదు రాగానే అడగడానికి నా దగ్గర కొన్ని ప్రశ్నలు వరసగా ఉంటాయి. ఏ వేగంలో మొదలవుతుంది? స్టీరింగులో తెలుస్తుందా, సీటు కింద తెలుస్తుందా? న్యూట్రల్‌లో పడేస్తే ఆగుతుందా? బ్రేకు తొక్కితే పెరుగుతుందా? స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలు చూడాలి. సీటు కింద తెలిస్తే వెనక ఇరుసు చూడాలి. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే చివరికి ఒకటి మిగులుతుంది. దాన్ని బాగుచేస్తాం.

ఆ డ్రైవరును నేను వీటిలో ఏదీ అడగలేదు. "కమాను పట్టీలు ఎన్ని ఎక్కువ వేయించారు?" అని మాత్రం అడిగాను. ఓనరు వేయించాడని నవ్వాడు. చక్రాల మీద బరువు మోసే ఆ ఇనుప పట్టీల్లో ఎక్కువగా వేసినవి తీసేయమని మా వాళ్లకు చెప్పి, టీ తాగడానికని బయటికి వచ్చాను. టీ తాగలేదు. ఆ మాటను మొదటిసారి నేను విన్నది మా జేజి, అంటే నాయనమ్మ, నోట. అప్పుడు నేను బడికి పోయే పిల్లవాణ్ని.

మా ఊరు కోసిగికి అవతల ఉంటుంది. నాయనకు ఒక జీపు ఉండేది. రోజూ ఊళ్లోవాళ్లను కోసిగి స్టేషనుకు, సంత రోజున ఆదోనికి తోలేవాడు. బస్సు మా ఊరికి వచ్చేది కాదు. ఆటోలు ఇంకా రాలేదు. దారి అంటే ఎర్రమట్టి, గులకరాళ్లు, మధ్యలో ఒక వంక. వంకలో నీళ్లు ఉండేది తక్కువ, గుంతలు ఉండేది ఎక్కువ.

ఆ జీపు వాసనను ఇప్పటికీ విడగొట్టి చెప్పగలను. డీజిలు, తడిసి ఆరిన గోనెపట్ట, ఎండకు కాగిన సీటు రెగ్జిను, ఎవరిదో పొగాకు కాడ, ఒక మూల మేకపిల్ల వదిలిపోయిన గుర్తు. సంత రోజైతే వీటన్నిటి మీద ఉగ్గాని వాసన. నాయన ఆదోనిలో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టించుకుని వచ్చేవాడు. పొట్లం కాగితానికి ఆయన వేళ్ల గ్రీజు మరక అంటి ఉండేది. ఆ మరక పక్కన ఉన్న బొరుగులను పారేయమని అమ్మ అనేది. నేను వాటినే ముందు తినేవాణ్ని.

బండికి ఏం వచ్చినా కోసిగి స్టేషను రోడ్డులో సాయిబు మామ రేకుల షెడ్డుకు పోవాల్సిందే. నాయనకూ నాకూ ఊరంతటికీ ఆయన మామే. జీపు వణుకుతోందని చెబితే ఆయన నాయనను ఏమీ అడిగేవాడు కాదు.

"నువ్వు అలవాటు పడింటావప్పా. నీకేం తెలుస్తాది" అని, జీపు దిగుతున్న మనుషులను ఆపేవాడు. "అవ్వా, నీకు యాడ కొడతాంది? నడుముకా, పండ్లకా?"

పండ్లు కదిలితే ముందు చక్రం, నడుము పడితే వెనక కమాను. అది ఆయన లెక్క.

"పండ్లు ఉంటే గదా సాయిబూ కదిలేకి" అంది ఒక ముసలమ్మ.

"అట్లయితే నడుమే చెప్పవ్వా."

"నడుము నీ జీపెక్కినప్పుడే పోయింది."

"జీపు నాది కాదవ్వా, ఆయప్పది. నన్ను తిట్టొద్దు."

ఒకసారి నేను డ్యాష్‌బోర్డు కింద ఉన్న సందులో పిడికెడు చింతగింజలు పోశాను. ఎందుకు పోశానో అప్పుడూ తెలియదు. జీపు కదిలితే గలగల, ఆపితే ఏమీ లేదు. సాయిబు మామ ఒక పూటంతా వెతికాడు. చక్రం విప్పాడు, బేరింగు కడిగాడు, ఇంజను కింద పడుకుని చెవి పెట్టాడు. కొత్త బేరింగు వేసి, "ఇంక పోతాది పో" అన్నాడు. పోలేదు. సాయంత్రం మామ సందులో చెయ్యి పెట్టేసరికి గింజలు దొరికాయి. నాయన అటు తిరిగి ఉన్నప్పుడు నా జేబులో వాటిని పోసి, "నీ బేరింగులు నువ్వే పెట్టుకో" అన్నాడు. నాయనకు మాత్రం చెప్పలేదు.

మా వైపు వానలు సరిగ్గా పడని యేడు, చలి మొదలయ్యేసరికి ఊరు లేచిపోతుంది. మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు వైపు పోతారు. సుగ్గికి పోవడం అంటారు దాన్ని. పిల్లలు, బొంతలు, జొన్నపిండి మూటలు, వంట సట్లు, కోళ్ల గంప, అన్నీ జీపులో కోసిగి స్టేషనుకు చేరాలి. ఆ బరువుకు జీపు వెనక కుంగిపోయి అడుగు ఇరుసుకు తగిలేది. అందుకని ఆ యేడు సుగ్గికి ముందు నాయన కమానులకు పట్టీలు పెంచమన్నాడు.

సాయిబు మామ తల అడ్డంగా ఊపాడు. "జీపుకు లారీ కాళ్లు పెడతాండావప్పా. మంది దిగిపోయినాక ఎగురుతాది."

"సుగ్గి అయిపోనీ మామా. తీసేద్దాం."

ముందు చక్రాన్ని పైకి లేపి, పైనొక చెయ్యి కిందొక చెయ్యి వేసి ఊపాడు మామ. టక్కుమంది. చక్రం పక్కకు తిరగడానికి ఇరుసు కొసన ఒక పిన్ను ఉంటుంది. అది అరిగింది. "ఇదీ మార్చల్ల. సామాను ఆదోని నుంచి రావల్ల. రెండు దినాలు బండి ఈడ నిలపల్ల."

"సుగ్గి అయిపోనీ మామా."

మామ చక్రాన్ని కిందికి దించాడు. స్టేషనుకు పోవాల్సిన మంది అప్పటికే షెడ్డు బయట మూటల మీద కూర్చుని ఉన్నారు.

పట్టీలు పెంచక ముందు నుంచీ జీపు గట్టిదే. మంది లేకపోతే గుంత గుంతకూ మనిషిని ఎత్తి కొట్టేది. "ఖాళీగా పోతే ఎత్తి కొడతాది, మంది ఉంటే పల్లకీ మాదిరి పోతాది" అని జేజి అనేది అందుకే. ఊళ్లో ఎవరికైనా జబ్బు ముదిరినా, కాన్పు నొప్పులు వచ్చినా ఆదోనికి తీసుకుపోవాలి. ఖాళీ జీపులో తీసుకుపోతే రోగి దారిలోనే పోతాడని అందరికీ భయం. అప్పుడు నాయన వీధి మొగదల నిలబడి ఒక కేక వేసేవాడు.

"బరువుకు రండప్పా."

తలుపులు తెరుచుకునేవి. చేస్తున్న పని వదిలి మనుషులు వచ్చేవాళ్లు. రెండు బల్లసీట్ల మధ్య పరుపు వేసి రోగిని పడుకోబెట్టి, చుట్టూ వీళ్లు సర్దుకుని కూర్చునేవాళ్లు. అందరికంటే ముందు పిలుపు అంగడి శెట్టమ్మకే. ఆమె మొహానికి పౌడరు రాసుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చేది.

"నేను లేకుంటే మీ జీపు కదలదు గదా" అనేది ఎక్కుతూ.

"నువ్వెక్కినాక కదల్దమ్మా" అనేవాడు ఎవడో వెనక నుంచి.

బట్టలు కుట్టే బక్కాయన ఒకడు ప్రతిసారీ వచ్చేవాడు. "నువ్వొద్దులేప్పా, నువ్వెక్కితే ఇంకా తేలికయితాది" అని దించేసేవాళ్లు. ఆయన మళ్లీ ఎక్కేవాడు. ఆయనకు ఆదోనిలో సినిమా కావాలి. రోగిని ఆసుపత్రిలో చేర్చాక బరువుకు వచ్చినవాళ్లు బజారు తిరిగేవాళ్లు, గాజులు కొనేవాళ్లు, బజ్జీలు తినేవాళ్లు. అది తప్పని ఎవరూ అనుకోలేదు. కాన్పయి బిడ్డ ఇంటికి వచ్చాక కూర్చున్నవాళ్లందరూ వాటాకు వచ్చేవాళ్లు. "నేను బరువుకు కూర్చుంటేనే గదా వీడు పుట్టింది" అని చెప్పి బుగ్గ గిల్లేవాళ్లు. నేను పుట్టేటప్పుడు కూర్చున్నవాళ్ల పేర్లు జేజి వరసగా చెప్పేది. బక్కాయన పేరు కూడా అందులో ఉంది.

నాయన ఒక్కటే మాట మళ్లీ మళ్లీ చెప్పేవాడు: "ముందుకు జరగండప్పా, వెనక కూర్చోవద్దండి." ఎందుకని ఎవరూ అడగలేదు. ఆయనకూ తెలిసి చెప్పింది కాదు. ముందు బరువు ఉంటే స్టీరింగు మాట వింటుందని చేతులకు తెలుసు, అంతే.

అత్త నాయనకు ఒక్కతే చెల్లెలు. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఏవేవో తినబుద్ధి అవుతుందంటారు. అత్తకు మట్టి తినబుద్ధయ్యేది. కొత్తగా అలికిన గోడ మీద నీళ్లు చల్లి ఆ వాసన చూస్తూ నిలబడేది. జేజి చూస్తే కేకలేస్తుందని, మా పాత పశువుల కొట్టం గోడ నుంచి పెళ్లలు విరిచి నిక్కరు జేబులో తెచ్చి ఇచ్చేవాణ్ని నేను. అత్త చిన్న ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేది.

"అల్లుడా, నాకు కూతురు పుడితే నీకే ఇస్తా. ఇప్పట్నుంచే అత్తను బాగా చూసుకో."

"నాకొద్దు."

"యాలప్పా?"

"మట్టి తినేదాని కూతురు నాకొద్దు."

అత్త నవ్వి నవ్వి కడుపు పట్టుకునేది. "విన్నావా అన్నా, వీనికి ఇప్పుడే గర్వం చూడు" అని నాయనకు చెప్పేది. నాయన జీపు తుడుస్తూనే, "కొడుకు పుడితే యేం చేస్తావు పాపా? వీనికి ఎవురినిస్తావు?" అనేవాడు. "కూతురే అన్నా. నాకు తెలుసు" అనేది అత్త. వద్దన్నాను కానీ, బడిలో మాత్రం నాకు పెళ్లి కుదిరిందని చెప్పుకున్నాను. పిల్లలు చాలా రోజులు ఏడిపించారు. ఆ ఏడిపింపు నాకు బాగానే ఉండేది.

ఆ యేడు సుగ్గికి పోనివాళ్లంటూ దాదాపు లేరు. అమ్మ కూడా పోయింది. కాన్పు ఉగాది దాటాకే అన్నారు కాబట్టి అప్పటికి వచ్చేస్తానంది. ఊరే లేకపోతే అంగడి ఎవరికని శెట్టమ్మ కూతురింటికి పోయింది. తాళాలు వేసిన తలుపులు, వాటి ముందు పడుకున్న కుక్కలు, ముసలివాళ్లు, కొందరు పిల్లలు. పగలు కూడా మాట వినపడని వీధి. జీపుకు గిరాకీ లేదు. సుగ్గి నుంచి తిరిగొచ్చే మందికి కావాలని పెంచిన పట్టీలు తీయకుండానే, నాయన రోజూ దాన్ని కడిగి నిలబెట్టేవాడు.

ఒక పొద్దున నేను చెనిక్కాయల పొడితో జొన్నరొట్టె తింటున్నాను. జేజి లోపలి నుంచి వచ్చింది.

"ఒరే నాయనా, పాపకు నొప్పులొచ్చినాయిరా. ఇంకా నెలలు నిండలేదు. జీపు తియ్యి."

నాయన అలవాటు చొప్పున వీధి మొగదలకు పోయి కేక వేశాడు. "బరువుకు రండప్పా."

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆయన ఇంకోసారి కేక వేశాడు. అప్పుడు ముసలివాళ్లు కర్రలు పట్టుకుని ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అందరిలో కాస్త గట్టిగా ఉన్న తాత ఒకాయన మా ఎదురింట్లో ఉండేవాడు.

"మేమొస్తాం పా" అన్నాడు.

"మీరంతా కలిసినా శెట్టమ్మంత కారు తాతా" అన్నాడు నాయన. వేళాకోళానికి అనలేదు. వాళ్లూ నవ్వలేదు. కర్రలు ఆనించుకుని నిలబడ్డారు.

సుగ్గికి పోయిన ఒకరి వాకిట్లో మిద్దెకని తెచ్చి పేర్చుకున్న నాప బండలు ఉన్నాయి. ఎదురింటి తాత వాటిని చూపించాడు. "బరువంటే బరువే గదప్పా. బండైతే యేమి, మనిషైతే యేమి."

నాయన, తాత, మిగిలిన ముసలివాళ్లు పట్టుకుని బండలను జీపులోకి ఎక్కించారు. సీట్ల మధ్య పరుపు మీద అత్తను పడుకోబెట్టాక మిగిలింది వెనక చివర చోటే. అక్కడే పేర్చారు. తాత ముందు సీట్లో కూర్చున్నాడు. జేజి, నేను అత్త పక్కన.

వంక దాకా బాగానే పోయాం. బరువుకు కమానులు కుంగి, గుంతలు మెత్తగా దాటాయి. అత్త నొప్పి వచ్చినప్పుడు పెదవి కొరుక్కుని, పోయినప్పుడు నా వైపు చూసింది. "పల్లకీలో పోతాండాం అల్లుడా" అంది. నాయన వెనక్కి తిరక్కుండానే, "మాట్లాడొద్దు పాపా, పండుకో" అన్నాడు.

వంక దిగి, అవతలి గట్టు ఎక్కేటప్పుడు బండలు జారాయి. గరగరమని వెనక తలుపు మీదికి పోయి ఆనుకున్నాయి. గట్టెక్కి నాయన వేగం పెంచగానే స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. ముందు కొంచెం. తరువాత, కాళ్లు కట్టి పట్టుకున్న కోడి కొట్టుకున్నట్టు ఆయన రెండు చేతుల మధ్య కొట్టుకుంది. బానెట్టు అటూ ఇటూ ఊగింది. దాదాపు ఆపేస్తే తప్ప ఆ వణుకు పోలేదు. ఆపి, మళ్లీ వేగం పెంచితే మళ్లీ అదే.

ఏం జరిగిందో ఇప్పుడు నేను కాగితం మీద గీసి చూపించగలను. వెనక ఇరుసుకు అవతల పడిన బరువు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ముందు చక్రాలు నేలను గట్టిగా అదిమి పట్టుకోవు. అరిగిన పిన్ను ఉన్న చక్రానికి ఆ కాస్త స్వేచ్ఛ చాలు. మనుషులైతే ముందుకు జరగండి అంటే జరుగుతారు. గట్టు ఎక్కేటప్పుడు సీటు పట్టుకుని ఉంటారు. బండలు జరగవు, జరిగితే వెనక్కే. బరువంటే బరువే అనుకోవడంలో మా ఊరి పొరపాటు అది. ఎన్నో ఏళ్లుగా మనుషులే కూర్చున్నారు కాబట్టి ఎవరికీ తెలిసే అవకాశం రాలేదు.

నాయన, తాత దిగి బండలను ముందుకు తోశారు. తరువాతి ఎత్తులో మళ్లీ జారాయి.

"తొందరగా పోనీరా" అంది జేజి.

"నిదానంగా అన్నా, నిదానంగా" అంది అత్త.

నాయన జీపు ఆపాడు. బండలు ఉంచుకుంటే మెత్తగా పోవచ్చు, కానీ ఎద్దుల బండి కన్నా నిదానంగా. పారేస్తే తొందరగా పోవచ్చు, కానీ పెంచిన పట్టీల మీద ఖాళీ జీపు. ఆయన దిగి వెనక తలుపు తెరిచాడు. బండలు ఒక్కొక్కటే దారి పక్కన పడి పగిలాయి. తాత ఆయనకు సాయం చేస్తూ, "తప్పదు పా, తప్పదు" అంటూనే ఉన్నాడు.

ఆ తరువాత స్టీరింగు వణకలేదు. జీపు ఎగిరింది. జేజి కింద కూర్చుని అత్త నడుము కింద తన రెండు చేతులూ పెట్టింది. గుంత వచ్చినప్పుడల్లా జేజి గాజులు పరుపు కింది రేకుకు కొట్టుకున్నాయి. నన్ను అత్త పక్కన రేకు మీద అదిమి కూర్చోబెట్టి, "గట్టిగా కూర్చో నాయనా. ఇప్పుడు నువ్వే బరువు" అంది. నేను శక్తి కొద్దీ బరువుగా కూర్చున్నాను. అత్త నా మణికట్టు పట్టుకుంది.

ఆదోని ఆసుపత్రి వరండాలో ఎండ నీడగా మారేదాకా కూర్చున్నాం. ఒక నర్సమ్మ వచ్చి చెప్పింది. "తల్లి బాగుండాది. బిడ్డ దక్కలేదు. ఆడబిడ్డ."

ఎందుకు దక్కలేదని ఎవరూ అడగలేదు. మా వాళ్లకు అలా అడగవచ్చని తెలియదు. ఆసుపత్రిలో చెప్పింది విని తల ఊపడమే తెలుసు. జేజి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నాయన తన భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో చాచాడు. దాంట్లో పెట్టి ఇచ్చారు.

అత్తకు తోడుగా జేజి ఆసుపత్రిలో ఉండిపోయింది. తాత ముందు సీట్లో ఆ తువ్వాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెనక ఒక్కణ్నే. నాయన అంత నెమ్మదిగా జీపు తోలడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. గుంత వచ్చిన చోటల్లా దాదాపు ఆపి, ముందు ఒక చక్రాన్ని, తరువాత ఇంకో చక్రాన్ని చేత్తో దించినట్టు దించాడు. ఒక్కసారి కూడా జీపు కొట్టలేదు. తాత కిటికీ వైపు మొహం తిప్పుకుని, "ఇంక తొందరేముందిలే పా" అన్నాడు. నాయన తరువాతి గుంతలోకి కూడా అలాగే దించాడు.

రెండో రోజు సాయిబు మామ సైకిలు మీద పనిముట్ల సంచీ కట్టుకుని మా ఊరికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఎక్కువగా వేసిన పట్టీలు విప్పేశాడు. ఆదోని నుంచి తెచ్చిన కొత్త పిన్ను వేశాడు. నాయన అరుగు మీద కూర్చుని చూశాడు. పని అయ్యాక మామ ఆయన పక్కన కూర్చుని, "నేనన్నా గట్టిగా చెప్పుండల్ల. జీపు తాళం తీసుకొనుండల్ల" అన్నాడు. నాయన లేచి లోపలికి పోయి ఆయనకు నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఉగాదికి ఊరు తిరిగి వచ్చింది. శెట్టమ్మ మా ఇంటికి వచ్చి అత్తను పట్టుకుని ఏడ్చింది. "నేనుండల్ల తల్లీ ఊర్లో" అంది. బట్టలు కుట్టే బక్కాయన కూడా వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి వెళ్లిపోయాడు. అత్తగారింటికి పోయాక అత్తకు తరువాత ఇద్దరు కొడుకులు పుట్టారు. నన్ను మాత్రం మళ్లీ అల్లుడా అనలేదు. పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది.

నాయన ఇంకొన్నేళ్లు జీపు తోలాడు. కాన్పులకు మాత్రం తోలలేదు. పక్క ఊరి జీపుకు కబురు పంపేవాడు. ఆ తరువాత తారురోడ్డు వచ్చింది, ఆటోలు వచ్చాయి, ఫోను చేస్తే అంబులెన్సు వస్తోంది. బరువుకు రండప్పా అనే కేక ఆగిపోయింది. ఇప్పుడు మా ఊరి పిల్లలకు ఆ మాట చెబితే దేని బరువు అని అడుగుతారు. జీపును పాత ఇనుముకు ఇచ్చేశాం. సుగ్గికి మాత్రం ఇంకా పోతూనే ఉన్నారు.

నేను బండ్ల చదువు ఎందుకు చదివానని ఎవరైనా అడిగితే, ఆ కోర్సులో సీటు వచ్చింది కాబట్టి అంటాను. అది నిజమే. ఉద్యోగంలో చేరాక ఒకసారి నాయన ఎర్రగుంట్ల వచ్చాడు. వణుకు కొలవడానికి ఇరుసుకు అంటించే చిన్న డబ్బీని, ఆ వణుకు తెర మీద గీతలుగా రావడాన్ని చూపించాను. ఆయన చాలాసేపు ఆ గీతలను చూశాడు. బయటికి వచ్చాక అడిగాడు.

"ఆ పొద్దు బండలు పారేయకుండా నిదానంగా పోయింటే?"

నేను నాకు తెలిసినట్టే చెప్పాను. వణుకు ఏ వేగంలో మొదలైంది, అంతకన్నా తక్కువ వేగంలో పోతే ఎంత ఆలస్యం అయ్యేది, ఖాళీగా పోయినప్పుడు కుదుపు ఎంత పెరిగి ఉంటుంది, ఒక్కొక్కటే వరసగా. ఆయన చివరిదాకా విన్నాడు.

"బండి సంగతి కాదప్పా. బిడ్డ సంగతి."

"అది నాకు తెలీదు నాయనా."

"తెలీదులే. ఎవురికి తెలుస్తాది."

ఆ తరువాత కూడా అడిగేవాడు, ప్రశ్న మార్చి. పిన్ను ముందే మార్చింటే? పట్టీలు వేయించకుంటే? అన్నం తింటూ, టీవీ చూస్తూ, ఎక్కడో మాట మధ్యలో. ప్రతిసారీ నేను బండి దాకా చెప్పి ఆగేవాణ్ని. జబ్బుపడి మంచంలో ఉన్నప్పుడు కూడా ఒకసారి అడిగాడు. అప్పుడు నేను బండి సంగతి కూడా చెప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. పోయిన ఎండాకాలం ఆయన పోయాడు.

దినాల రోజున మధ్యాహ్నం అత్త, నేను ఇంటి వెనక కూర్చున్నాం. చుట్టాలు ముందు వైపు ఉన్నారు. అత్త విస్తరాకులు తుడుస్తోంది. తుడుస్తూనే అంది.

"నీకొక మాట చెప్పల్ల. ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు."

"చెప్పత్తా."

"ఆ బిడ్డ జీపులో పోలేదప్పా. ముందు రోజు పొద్దున్నుంచే కదల్లేదు."

నేను ఆమె చేతుల వైపు చూశాను. అవి ఆగలేదు.

"జేజికి చెప్పలేదా?"

"చెప్తే ఏడుస్తాది. అన్నకు చెప్తే అప్పటికప్పుడు జీపు తీస్తాడు. బరువుకు మంది యాడుండారు ఊర్లో? ఖాళీ జీపులో పోతే బిడ్డకు యేమన్నా అయితాదని భయపడినా. నిద్ర పోతాందేమో, రేపటికి కదుల్తాదిలే అనుకున్నా. మొదటి కాన్పు. నాకేం తెలుసు."

ఆకు పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది.

"అన్నకు చెప్పల్లని శానా సార్లు వచ్చినా. చెప్తే, పాపా, ఒక్క దినం ముందు చెప్పింటే గదా అంటాడు. అనకపోయినా మనసులో అనుకుంటాడు. అది తట్టుకోలేననిపించి, ఊరికే అన్నం తిని పోయినా."

నాకు తెలిసినంతలో నాయన ఆ మాట అనే మనిషి కాదు. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుని, అన్నేళ్ల తరువాత మొదటిసారి గట్టిగా ఊపిరి తీసుకుని ఉండేవాడు. తరువాత చెల్లెలి కోసం ఏడ్చి ఉండేవాడు. ఇద్దరి ఊళ్ల మధ్య దూరం ఒక పూట ప్రయాణం. అన్నేళ్లూ పండగలకు, పెళ్లిళ్లకు ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

"ఒక మాట అడుగుతా" అంది అత్త. అప్పుడు ఆమె చేతులు ఆగాయి. "అన్న ఎప్పుడన్నా దాని గురించి ఎత్తినాడా, నీతో?"

ఆయన అడిగినవన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. బండలు, పిన్ను, పట్టీలు, మళ్లీ బండలు. వాటిలో ఒక్కటి చెప్పినా, ఈమె ఇంక బతికినన్నాళ్లు దాన్ని మోస్తుందని తెలుసు.

"లేదత్తా. ఎప్పుడూ ఎత్తలేదు."

"మరిచిపోయింటాడు."

"ఊ."

"మంచిదేలే" అంది. భుజాలు కొంచెం కిందికి దిగాయి. "మగోళ్లకు ఆ మాత్రం మరుపు ఉండల్ల. లేకుంటే బండ్లు తోల్లేరు."

ముందు వైపు నుంచి ఆకులు అడిగారు. అత్త తుడిచినవన్నీ ఒక దొంతిగా సర్ది నా చేతుల్లో పెట్టింది. తను లేవబోయి మోకాలు పట్టుకుంది. ఆకులు కింద పెట్టి, రెండు చేతులూ ఇచ్చి లేపాను. ఆమె చాలా తేలికగా ఉంది.